మన డాక్టరు గారికే, టైముకి చూపించుకోవడం ఎలా?

శ్రీకాకుళంలో పేరున్న ఏ ఫిజీషియన్ క్లినిక్ దగ్గరికైనా తెల్లవారుజామున ఐదున్నరకి వెళ్లి చూడండి. షట్టర్ మూసే ఉంటుంది. మెట్టు మీద ఒక రూళ్ల పుస్తకం, దానికి పురికొసతో కట్టిన పెన్ను ఉంటాయి. ఒకటి నుంచి యాభై దాకా అంకెలు ముందే వేసి ఉంటాయి. అంత పొద్దున్నే వెళ్లినా మన పేరు పన్నెండో పదిహేనో అవుతుంది. మన పైన పేర్లన్నీ టెక్కలి, హిరమండలం, మందస వాళ్లవి. వాళ్లు రాత్రే వచ్చి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో తలకింద సంచి పెట్టుకుని పడుకున్నవాళ్లు.

ఆ పుస్తకంలో నేను చాలాసార్లు పేరు రాశాను. మా నాన్నకి పన్నెండేళ్లుగా షుగరు, బీపీ. ఆయనకి ఒక్క డాక్టరు మీదే నమ్మకం. మూడేళ్ల కిందట చెప్పు కరిచి కుడి కాలి వేలి దగ్గర చిన్న పొక్కు లేచింది. గురువారం క్లినిక్‌కి ఫోన్ చేసి "నాన్నకి చూపించాలండీ" అన్నాను. పేర్లు అయిపోయాయన్నారు. శుక్రవారమూ అదే మాట. శనివారం నేరుగా వెళ్తే "బాబు గారు నేరమ్మా, ఇశాపట్నం ఎల్లారు" అన్నాడు కాంపౌండరు. ఆదివారం సెలవు. సోమవారం నలభై మూడో నంబరు దొరికి, మధ్యాహ్నం రెండింటికి లోపలికి వెళ్లాం. అప్పటికి వేలు నల్లబడిపోయింది. దాన్ని తీసేయాల్సి వచ్చింది.

కట్టు కట్టించి బయటికి వస్తుంటే కాంపౌండరు నా చెయ్యి పట్టుకుని, "షుగరు మనిషికి కాలికి పుండని ఆ రోజే సెప్పుంటే నంబరు నేకుండా లోపలికి పంపీసేవోడిని కదమ్మా" అన్నాడు. అది నిజం. నాలుగు రోజుల్లో నేను ఎవరికీ ఆ ముక్క చెప్పలేదు. పేరు, ఊరు మాత్రమే చెప్పాను. పైగా ఆ నాలుగు రోజులూ మన డాక్టరు గారే చూడాలని పట్టుబట్టాను తప్ప, ఊళ్లో ఇంకెవరికీ చూపించలేదు.

అప్పటి నుంచి నేర్చుకున్నవీ, ఆచరించి ఫలితం చూసినవీ ఇక్కడ రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంట్లో పెద్దవాళ్లో పసివాళ్లో ఉన్నవాళ్లకి పనికొస్తాయి.

1. ఫోన్ తియ్యకముందే తేల్చుకోండి: ఇది ఎన్ని రోజులు ఆగగలదు?

అపాయింట్‌మెంట్ దొరకడం లేదని మనం పడే టెన్షన్‌లో సగం ఈ ఒక్క ప్రశ్న వేసుకోకపోవడం వల్లే వస్తుంది. ఆగకూడనిది ఆగిపోతుంది, ఆగగలిగేది తెల్లవారుజామున లైన్లో నిలబడుతుంది.

కొన్నింటికి అపాయింట్‌మెంట్ అనే మాటే లేదు. గుండెల్లో నొప్పితో చెమటలు పట్టడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒకవైపు చెయ్యి కాలు పట్టు తప్పడం, ఊపిరి అందకపోవడం, పాము కాటు, ఫిట్స్, రక్తం కక్కుకోవడం, షుగరు ఉన్న మనిషి మగతగా పడిపోవడం, గర్భిణికి రక్తస్రావం కావడం లేదా కడుపులో బిడ్డ కదలికలు తగ్గడం, రెండు నెలల లోపు పసిబిడ్డకి జ్వరం రావడం లేదా పాలు తాగకపోవడం. వీటిలో ఏదైనా సరే 108కి ఫోన్ చెయ్యాలి. పక్షవాతంలో రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అందుకే మనిషి చివరిసారి మామూలుగా ఎన్ని గంటలకి ఉన్నాడో కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆసుపత్రిలో మొదట అడిగేది అదే. పాము కరిస్తే మంత్రం దగ్గర, నాటు వైద్యుడి దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. కరిచిన చోట కొయ్యొద్దు, గట్టిగా కట్టొద్దు.

రెండో రకం, ఈ రోజే ఎవరో ఒక ఎంబీబీఎస్ డాక్టరు చూడాల్సినవి. షుగరు ఉన్నవాళ్ల కాలికి ఏ చిన్న పుండైనా సరే. మూడు రోజులు దాటిన జ్వరం. జ్వరంతో పాటు ఒంటి మీద ఎర్రటి చుక్కలు, చిగుళ్ల నుంచి రక్తం. నీళ్లు కూడా కడుపులో నిలవకుండా వాంతులు. మూత్రం బాగా తగ్గిపోవడం. ఇక్కడ "మన డాక్టరు గారే కావాలి" అన్న పట్టుదల వదిలేయాలి. నేను వదల్లేదు కాబట్టే చెప్తున్నాను.

మూడో రకానికి ఈ వారంలో చూపిస్తే చాలు. రెండు వారాలు దాటిన దగ్గు ఇందులోకే వస్తుంది. దానికి మీ డాక్టరు నంబరు కోసం ఎదురుచూడనక్కర్లేదు. పీహెచ్‌సీకి వెళ్లి టీబీకి కళ్లె పరీక్ష చేయించుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

మీ డాక్టరు కోసం నిజంగా ఓపిక పట్టాల్సింది నాలుగో రకానికి. ఏళ్లుగా వాడుతున్న మందులు మార్చాలన్నా, ఒకే మనిషికి షుగరు, గుండె, కిడ్నీ మూడూ ఉన్నా, ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్న సందేహం ఉన్నా, మన ఒంటి సంగతి ఏళ్ల తరబడి చూసిన మనిషి చెప్పే మాటకి విలువ వేరు. వాటికి పది రోజులు ఆగినా నష్టం లేదు. ఆ పది రోజులు ఆగే వీలు చిక్కాలంటే ముందు నుంచీ సిద్ధంగా ఉండాలి. కింద చెప్పేవన్నీ ఆ సిద్ధపడటం గురించే.

2. డాక్టరు గారి వారం ఎలా నడుస్తుందో తెలుసుకోండి

మన జిల్లాల్లో చాలామంది డాక్టర్లు ఒక్కచోటే కూర్చోరు. పొద్దున ఒక ఆసుపత్రిలో రౌండ్లు, తర్వాత ఓపీ, సాయంత్రం సొంత క్లినిక్. కొందరు వారానికో రోజు పాలకొండకో బొబ్బిలికో వెళ్తారు. విశాఖ నుంచి వారానికోసారి వచ్చే స్పెషలిస్టులు కూడా ఉన్నారు. ఇవన్నీ బోర్డు మీద రాసి ఉండవు. క్లినిక్‌కి వెళ్లినప్పుడు తీరిక సమయం చూసి కాంపౌండర్ని అడిగి, ఫోన్లో రాసి పెట్టుకోండి. పేర్లు రాయడం ఎన్నింటికి మొదలవుతుంది, ఫోన్లో రాస్తారా, రోజుకి ఎన్ని పేర్లు తీసుకుంటారు, డాక్టరు గారు ఏ రోజు ఉండరు, సెలవు పెడితే ముందుగా తెలిసే దారి ఏమిటి, సాయంత్రం ఓపీకి వేరే పుస్తకం ఉందా. చివరిది అడగడం చాలామందికి తోచదు. మా నాన్న డాక్టరు గారి దగ్గర పొద్దున పుస్తకం ఆరింటికే నిండిపోతుంది, సాయంత్రం పుస్తకంలో మధ్యాహ్నం దాకా ఖాళీ ఉంటుంది. అది తెలియడానికి మాకు తొమ్మిదేళ్లు పట్టింది.

రోజు ఎంచుకోవడం కూడా ముఖ్యమే. సోమవారం ఎప్పుడూ కిక్కిరిసి ఉంటుంది. పండగ వెళ్లిన మర్నాడూ అంతే. సంక్రాంతి మూడు రోజులూ ఓర్చుకున్నవాళ్లంతా నాలుగో రోజున వస్తారు. రథసప్తమికి అరసవల్లి రోడ్డు, సిరిమానోత్సవం మంగళవారం నాడు విజయనగరంలో కోట, మూడు లాంతర్ల చుట్టుపక్కల దారులు జనంతో నిండిపోతాయి. ఆ రోజుల్లో ముసలివాళ్లని ఆటోలో తీసుకెళ్లడం వాళ్లకే కష్టం. ఇక మామూలు మంగళవారం, అమావాస్య నాడు కొత్తగా ఆసుపత్రి గడప తొక్కడానికి ఇష్టపడని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆ పట్టింపు లేనివాళ్లకి, నేను చూసినంతలో, ఆ రోజుల్లో నంబరు తేలిగ్గా దొరుకుతుంది. బుధ, గురువారాలు కూడా నయమే.

3. ఒక్క కాగితం రాయండి

ఈ వ్యాసంలో ఒక్కటే చెయ్యగలిగితే ఇది చెయ్యండి.

మన డాక్టరు గారి దగ్గరికే వెళ్లాలని ఎందుకనిపిస్తుంది? ఆయనకి మన సంగతి అంతా తెలుసు కాబట్టి. రోజుకి వందమందిని చూసే మనిషికి అన్నీ గుర్తుండవు, మన పాత చీటీలు చూసే గుర్తు తెచ్చుకుంటారు. ఆ చీటీల్లో ఉన్నది ఒక్క కాగితం మీదికి ఎక్కితే, ఆయనకి తెలిసినదాంట్లో చాలా భాగం మనతో పాటే ఏ డాక్టరు దగ్గరికైనా వస్తుంది.

మామూలుగా మన ఇళ్లలో రిపోర్టులు బట్టల షాపు కవర్లో ఉంటాయి. పాతవీ కొత్తవీ, ఎక్స్‌రేలూ, కరెంటు బిల్లుతో సహా. డాక్టరు గారికి మనిషికి దొరికేది నాలుగైదు నిమిషాలు, అందులో రెండు నిమిషాలు ఆ కవర్ వెతకడానికే పోతాయి.

మా నాన్న కాగితం ఇలా ఉంటుంది. పైన పేరు, వయసు, బరువు, నా ఫోన్ నంబరు. కింద ఏ జబ్బు ఏ సంవత్సరం నుంచి ఉంది. తర్వాత ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలు, అట్ట మీద ఉన్న పేరూ మిల్లీగ్రాములూ అచ్చంగా చూసి రాసినవి, పొద్దున ఎన్ని, రాత్రి ఎన్ని. "తెల్ల మాత్ర, చిన్న గుండ్రం మాత్ర" అని చెప్తే ఎవరికీ అర్థం కాదు. తర్వాత పడని మందులు. మా నాన్నకి ఒక యాంటీబయాటిక్‌తో ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి, దాని పేరు ఎర్ర పెన్నుతో రాశాను. తర్వాత చేసిన ఆపరేషన్లు. చివర్లో అంకెలు, తేదీలతో సహా: బీపీ, పరగడుపు షుగరు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. కింద ఖాళీగా రెండు గీతలు. వెళ్లే రోజు డాక్టరు గారిని అడగాల్సినది అక్కడ రాస్తాను. ఒకటి రాత్రి గుర్తొస్తే వెంటనే రాసేయాలి, లోపలికి వెళ్లాక ఏదీ గుర్తుండదు.

కాగితం ఒకటి నాన్న జేబులో, ఒకటి బీరువాలో. ఫోటో మా అన్నదమ్ముల వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. అర్ధరాత్రి 108లో వెళ్లాల్సి వస్తే ఎవరు వెంట ఉన్నా అది చూపిస్తారు.

ఆసుపత్రిలో చేరి వచ్చినవాళ్లు డిశ్చార్జి సమ్మరీ తప్పకుండా తీసుకోండి. చేర్చుకున్న పేషెంట్ల రికార్డులను డాక్టరు మూడేళ్లు ఉంచాలి, పేషెంటు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి. 2002 నాటి వైద్య మండలి నియమావళిలో ఇది ఉంది. పోయింది కదా అని వదిలేయకుండా వెళ్లి అడగండి.

ఉద్దానం వాళ్లకి ఇక్కడ ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో అందరికీ తెలుసు. ఆ కాగితంలో క్రియాటినిన్ అంకె పెద్ద అక్షరాలతో ఉండాలి. డాక్టరు నంబరు దొరకలేదని, మోకాళ్ల నొప్పికో ఒంటి నొప్పులకో మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని మింగుతూ రోజులు గడపొద్దు. ఆ మాత్రల్లో చాలావాటికి కిడ్నీని దెబ్బతీసే గుణం ఉంది. ఎవరి దగ్గరికి వెళ్లినా మొదట "మాది ఉద్దానం, నా క్రియాటినిన్ ఇంత" అని చెప్పండి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మీకు దగ్గరలో కిడ్నీ వైద్యం కోసం ముందు అక్కడ కనుక్కోండి.

4. ఫోన్లో ఏం చెప్పాలి

క్లినిక్‌లో ఫోన్ ఎత్తే మనిషి ఒక చేత్తో చీటీలు రాస్తూ, ఇంకో చేత్తో డబ్బు తీసుకుంటూ మాట్లాడుతుంటాడు. మన కష్టం ఆయన చెవికి చేరాలంటే రెండు మాటల్లో చెప్పాలి. "పేరు రాయండి" అంటే మనం నలభయ్యో పేరు. జబ్బూ, ఎన్నాళ్ల నుంచీ, మనకేం కావాలీ అన్న మూడూ చెప్తే ఆయన ఒక నిర్ణయం తీసుకోగలడు.

నేను ఇప్పుడు ఇలా చెప్తాను: "అన్నా, నమస్తే. నేను నరసన్నపేట దగ్గర నుంచి. మా నాన్న మీ పాత పేషెంటు, ఫైల్ నంబరు ఫలానా. షుగరు మనిషికి నిన్నటి నుంచి కాలు వాచింది, చర్మం ఎర్రగా వేడిగా ఉంది. ఈ రోజే చూపించాలా, వేరే ఎవరికైనా చూపించమంటారా అని డాక్టరు గారిని ఒక్కసారి అడుగుతారా? పది నిమిషాల్లో మళ్లీ చేస్తాను."

చివరి రెండు వాక్యాలే పని చేస్తాయి. కాంపౌండరు ప్రతిసారీ తనంతట తాను "రండి" అనలేడు, అన్నిటికీ ఆ అధికారం ఆయనకి ఉండదు. "డాక్టరు గారిని అడగండి" అంటే అడగగలడు. నాకు మూడుసార్లు "తీసుకురండి" అన్నారు, ఒకసారి "జనరల్ ఆసుపత్రికి వెళ్లిపోండి" అన్నారు. రెండూ మంచి జవాబులే.

ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పొద్దు. మామూలు జలుబుకి ఆయాసమని చెప్పి నంబరు తెచ్చుకుంటే, రెండోసారి నిజంగా ఆయాసం వచ్చినప్పుడు ఆ మాటకి విలువ ఉండదు. అలాగే వంద రూపాయలు చేతిలో పెట్టి ముందుకు వెళ్లడం. మన వెనక చంటిబిడ్డని చీరకొంగులో చుట్టుకుని కూర్చున్న తల్లి ఉంటుంది. ఆమె దగ్గర ఆ వంద ఉండదు.

కాంపౌండర్ని పేరు పెట్టి, అన్నా అని పిలిచి, నిదానంగా మాట్లాడితే చాలు. ఏడాదికి రెండొందల రోజులు తిట్లు తినే మనిషి ఆయన.

5. వెళ్లేరోజు

పరీక్షలు ముందు రోజే చేయించుకుని వెళ్లండి. డాక్టరు గారు క్రితంసారి "మళ్లీ వచ్చేటప్పుడు ఇవి చేయించుకుని రండి" అని చీటీలో రాసి ఉంటే అది చూసుకోండి. లేకపోతే ఫోన్లోనే అడగండి. లేదంటే ఏమవుతుంది? పొద్దున నంబరు కోసం ఒకసారి, లోపల పరీక్షలు రాస్తే ల్యాబుకి ఒకసారి, రిపోర్టు పట్టుకుని మళ్లీ ఒకసారి. రణస్థలం నుంచి వచ్చినవాళ్లకి చివరి బస్సు పోతుంది. పరగడుపు షుగరుకి కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు, నీళ్లు తాగొచ్చు.

రిపోర్టు చూపించడానికి వేరే లైను ఉందేమో, ఫీజు చీటీ ఎన్ని రోజులు చెల్లుతుందో కౌంటర్లో అడగండి. చాలా క్లినిక్‌లలో ఒకసారి కట్టిన ఫీజుతో కొన్ని రోజుల్లోగా మళ్లీ చూపించుకోవచ్చు. గర్భిణులు, పసిబిడ్డలు, నిలబడలేని పెద్దవాళ్లు వెంట ఉంటే అడిగి ముందుకు వెళ్లండి. అడగకుండా ఎవరూ చూడరు.

లోపల కూర్చున్నాక మొదటి మాట ముఖ్యమైనదే కావాలి. మనవాళ్లు మొదట పాత సంగతులు మొదలుపెడతారు, అసలు బాధ లేచి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర చెప్తారు. మా అమ్మ ఒకసారి చెప్పు వేసుకుంటూ "గుండె దడగా కూడా ఉంటోంది బాబూ" అంది. డాక్టరు గారు మళ్లీ కూర్చోబెట్టి ఈసీజీ తీయించారు. అందరికీ అలా రెండోసారి కూర్చోవడం దొరకదు.

బయటికి వచ్చేముందు మూడు సంగతులు అడిగి రాసుకోండి. మళ్లీ ఎప్పుడు రావాలి, ఈలోగా ఏం కనిపిస్తే ఆగకుండా రావాలి, మీరు ఊళ్లో లేకపోతే ఎవరికి చూపించుకోమంటారు. మూడోది అడిగితే డాక్టర్లు ఏమీ అనుకోరు. మా నాన్న డాక్టరు గారు వెంటనే ఒక పేరు చెప్పి, ఆయన సాయంత్రం ఎక్కడ కూర్చుంటారో కూడా చెప్పారు.

6. రెండో డాక్టర్ని బాగున్నప్పుడే కలవండి

ఆ పేరు తెచ్చుకుని జేబులో పెట్టుకుంటే చాలదు. ఒంట్లో బాగున్న రోజున, బీపీ చూపించే వంకతో ఒకసారి వెళ్లి కలవండి, కాగితం చూపించండి. మొదటిసారి వెళ్లేది జ్వరంతోనో పుండుతోనో అయితే మనకీ కంగారు, వాళ్లకీ కొత్త. ఒకసారి చూసిన మనిషైతే "అదేనండీ, మొన్న బీపీ చూశారు" అనొచ్చు.

ఆయన చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. ఇది ఎందుకంటున్నానంటే, నంబరు దొరకని రోజున మన ఊళ్లలో అందరూ వెళ్లేది ఆర్ఎంపీ దగ్గరికే, అంటే ఎంబీబీఎస్ చదవని ఊరి వైద్యుడి దగ్గరికి. బండి మీద ఇంటికొచ్చి, రాత్రి పూట కూడా పలికే మనిషి ఆయనే, ఆ మంచితనాన్ని కాదనను. బీపీ చూడటం, కట్టు మార్చడం, తోడు రావడం వరకూ ఆయన సాయం తీసుకోండి. కానీ జ్వరం తగ్గాలని సెలైన్‌లో కలిపే ఇంజెక్షన్లూ, తెల్లారేసరికి నొప్పి మాయం చేసే మాత్రలూ వద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే షుగరు ఒక్కసారిగా పెరుగుతుంది. పెద్ద యాంటీబయాటిక్ రెండు రోజులు వేసి ఆపితే అసలు జబ్బు ఏమిటో కనిపెట్టడం తర్వాత డాక్టర్లకి కష్టమవుతుంది.

7. ఫోన్లోనే అయిపోయే పనులకి బస్సెక్కొద్దు

2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రిజిస్టర్డ్ డాక్టరు ఫోన్లో, వీడియోలో, వాట్సాప్‌లో చూసి మందులు రాయొచ్చు. ఆరు నెలల్లోపు ఆయనే నేరుగా చూసి ఉండి, అదే జబ్బుకైతే మనం తిరిగి చూపించుకునే పేషెంటు కింద లెక్క. బీపీ, షుగరు మాత్రలు అవే కొనసాగించడానికి ఇది సరిగ్గా సరిపోతుంది. నిద్రమాత్రల్లాంటి కొన్ని మందులు మాత్రం ఇలా రాయకూడదు. ఫీజు కట్టాలి, అది న్యాయమే. "నెలకోసారి నాన్నని తీసుకొస్తాం, మధ్యలో రిపోర్టు వాట్సాప్‌లో పంపితే చూస్తారా, దానికి ఫీజెంత?" అని డాక్టరు గారిని నేరుగా అడగండి. కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకున్నవాళ్లకి రాత్రి పదింటికి పంపొద్దు.

ఫోన్లోనే డాక్టరుకి చూపించుకునే ప్రభుత్వ సేవ ఈ-సంజీవనిలో డబ్బు కట్టక్కర్లేదు. ఫోన్ నంబరుతో నమోదు చేసుకుని, టోకెన్ తీసుకుని, వీడియోలో డాక్టరుతో మాట్లాడితే చీటీ ఫోన్‌కే వస్తుంది. మనకి కావలసిన ఫలానా డాక్టరే వస్తారన్న హామీ ఉండదు, అందుకే ఆ ఒక్క కాగితం దగ్గర పెట్టుకోండి. ఫోన్ వాడటం రాని పెద్దవాళ్లకి ఊళ్లోని విలేజ్ క్లినిక్‌లో పనిచేసే హెల్త్ ఆఫీసరే డాక్టరుతో కలిపిస్తారు.

8. మీ ఊళ్లో ఉన్నది వదులుకోకండి

2023 ఏప్రిల్ 6న రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైంది. పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంతో నెలకి రెండుసార్లు ఊరికి రావడం, మంచం మీదున్నవాళ్లని ఇంటికెళ్లి చూడటం దాని ఉద్దేశం. మీ ఊరికి ఏ తేదీల్లో వస్తారో ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో అడిగి క్యాలెండర్ మీద గుండ్రం చుట్టండి. బీపీ, షుగరు అక్కడ చూపించుకుని అంకెలు కాగితంలోకి ఎక్కించుకుంటే, పట్నంలో డాక్టరు గారి దగ్గరికి వెళ్లినప్పుడు మూడు నెలల లెక్క చూపించొచ్చు. ఒక్కరోజు చూసిన బీపీ కంటే ఆ లెక్క ఆయనకి ఎక్కువ పనికొస్తుంది.

గర్భిణులకి నెలనెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా డాక్టరు పరీక్ష ఉంటుంది. 2016 నుంచి దేశమంతా నడుస్తోంది. విజయనగరంలో ఘోషా ఆసుపత్రికి వెళ్లేవాళ్లకి ఆ తేదీ అలవాటే.

9. పెద్దాసుపత్రిలో కూడా "మన డాక్టరు" దొరుకుతారు

శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రిని మనం ఇప్పటికీ రిమ్స్ అనే అంటాం. విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో మొదలైంది. అక్కడికి వెళ్తే ప్రతిసారీ కొత్త డాక్టరు చూస్తారని చాలామంది బాధ. అది తప్పించుకునే దారి ఉంది. వైద్య కళాశాల ఆసుపత్రుల్లో ఒక్కో విభాగం యూనిట్లుగా ఉంటుంది, ఒక్కో యూనిట్‌కి వారంలో కొన్ని రోజులే ఓపీ. మొదటిసారి చూసినప్పుడు చీటీ మీద ఏ యూనిట్ అని ఉందో చూసుకోండి, ఆ యూనిట్ ఓపీ ఏ రోజో నర్సమ్మని అడగండి. మళ్లీ ఆ యూనిట్ ఓపీ రోజునే పాత చీటీతో వెళ్తే ఆ బృందమే ఉంటుంది. వేరే రోజు వెళ్లి "మొన్న చూసిన పొడుగాటి డాక్టరు గారు ఏరీ" అని వెతికితే దొరకరు.

ఓపీ చీటీ లైను పొడవుగా ఉంటే గోడ మీద క్యూఆర్ కోడ్ ఉందేమో చూడండి. ఆభా ఖాతా, అంటే 14 అంకెల ఆరోగ్య నంబరు ఉన్నవాళ్లు ఫోన్లో స్కాన్ చేస్తే పేరూ వయసూ వాటంతటవే వెళ్లి టోకెన్ ఫోన్లోకి వస్తుంది. ఆ ఖాతా ఆధార్‌తో ఇంట్లో కూర్చునే తెరవొచ్చు. ముసలివాళ్లకి పిల్లలు ముందే చేసి పెడితే కౌంటర్ దగ్గర గంట మిగులుతుంది.

10. మాత్రలు అయిపోయాక కాదు, పది రోజులుండగానే

అందరం ఆఖరి మాత్ర వేసుకున్నాక ఫోన్ చేస్తాం. ఆ రోజు నంబరు దొరక్కపోతే బీపీ మాత్ర నాలుగు రోజులు ఆగిపోతుంది. పది రోజులుండగా చేస్తే ఈ వారం కాకపోయినా వచ్చే వారం దొరుకుతుంది, మనమూ నిదానంగా ఉంటాం. డాక్టరు గారు సెలవులో ఉన్నా, వర్షానికి బస్సులు ఆగినా ఆ పది రోజులు కాపాడతాయి. అప్పటికీ దొరక్కపోతే పాత చీటీ పట్టుకుని రెండో డాక్టరు దగ్గరికో పీహెచ్‌సీకో వెళ్లి అవే మాత్రలు రాయించుకోండి, మధ్యలో ఆపొద్దు.

మా ఇంట్లో మాత్రల డబ్బా మూత మీద స్కెచ్ పెన్నుతో రెండు తేదీలు రాస్తాను. పైది మాత్రలు అయిపోయేది, కిందిది ఫోన్ చెయ్యాల్సింది. ఈ నెల పైన 24 అని ఉంది, కింద 14. రేపే పద్నాలుగు. ఫోన్ చేసి అవతలెల్లుండి సాయంత్రం పుస్తకంలో పేరు రాయించి, ఎల్లుండి నాన్నకి పరగడుపున రక్తం ఇప్పించాలి.